పట్టీలు మాత్రం ఇవ్వను

చిట్టీ,

నువ్వు జింక వేటకి విల్లు పట్టుకుని చెట్టెక్కబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడానికి కాదులే, ఆ పిచ్చి నీకు అంటించింది నేనేనని తిట్టడానికి. తిట్లు తింటూనే లోపల్లోపల మురిసిపోయాను. ఆ మురిపెం ఫోన్ పెట్టేసేదాకే. తర్వాత నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

లైసెన్సు, సీజను తేదీలు, ఆ భూమి ఎవరిదో వాళ్ల అనుమతి, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకు. పైకెళ్లి కూర్చున్నాక తాడుతో లాక్కో. బాణాల మొనలు కప్పి ఉంచు.

నా పాత స్టిక్స్, అదే, మానుకి పట్టీలతో కట్టి మెట్లలా ఎక్కే ఆ కడ్డీలు, ఇస్తావా అని అడిగావట. తీసుకుపో. ఎక్కడా వంగలేదు, వెల్డింగు దగ్గర బీటల్లేవు, నిన్ననే ఎండలో పెట్టి ఒక్కోటీ చూశాను. వాటి పట్టీలు మాత్రం ఇవ్వను. కొత్తవి కొనుక్కో. మామయ్యకి పిసినారితనం అనుకోకు, ఎందుకో చెబుతాను.

నాకు వేట నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవారు. గాలి మారితే చెంప మీదే పసిగట్టేవారు. జింక ఏ దారిన వస్తుందో ముందే చెప్పేవారు, వచ్చేది కూడా. అంతటి మనిషికీ ఒక చెడ్డ అలవాటు ఉండేది. స్టిక్స్ చెట్టుకే వదిలేసేవారు. ప్రతిసారీ కట్టి విప్పితే చప్పుడవుతుంది, జంతువులు బెదురుతాయి అని ఆయన వాదన. ఒక సీజనులో కట్టినవి మరుసటి సీజనుకీ ఆ చెట్టు మీదే ఉండేవి. ఎక్కేముందు బకిల్ పట్టుకుని రెండుసార్లు గుంజి చూసేవారు, అంతే.

ఆ సాయంత్రం నేను కాస్త దూరంలో ఇంకో చెట్టు మీద ఉన్నాను. చీకటి పడింది, దిగుదామనుకుంటున్నాను. అటువైపు నుంచి చప్పుడు. ఏదో విరిగిన చప్పుడు కాదు, బెరడు మీద అల్యూమినియం గీసుకుంటూ జారిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. నేను ఎలా దిగానో, అక్కడికి ఎలా పరిగెత్తానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు. ఆయన చెట్టు మొదట్లో కూర్చుని, బూట్లు విప్పొద్దు, విప్పొద్దు అంటున్నారు. రెండు మడమలూ నుజ్జయ్యాయి. ఎక్కేటప్పుడు నడుము నుంచి మాను చుట్టూ తిప్పి కట్టుకున్న లైన్‌మన్ బెల్టు దిగేటప్పుడు తీసేశారు. దిగడమే కదా అనుకున్నారు.

ఆయన్ని తీసుకెళ్లాక మర్నాడు వెళ్లి ఆ పట్టీ చూశాను. బకిల్ భేషుగ్గా ఉంది. ముందువైపు పట్టీ రంగు వెలిసింది, అంతకుమించి ఏమీ లేదు. మాను వెనక్కి వెళ్లాను. అక్కడ ఉడత కొరికింది. సగం వెడల్పు ఎప్పుడో పోయింది. మిగిలిన సగం మీద బొటనవేలితో రాస్తే పోగులు పొడిలా రాలాయి, ఎండ తినేసింది. పైగా చెట్టు ఆ ఏడాదంతా లావెక్కుతూ వచ్చింది కదా, పట్టీ బెరడులోకి దిగబడి వీణ తీగలా బిగుసుకుని ఉంది. అంత బిగువులో ఉన్న పట్టీని ముందు నుంచి గుంజి చూస్తే ఏం తెలుస్తుంది? గట్టిగానే ఉందనిపిస్తుంది.

ఆయన మళ్లీ నడిచారు గానీ చెట్టెక్కలేదు.

అందుకే చెట్టు వెనక్కి వెళ్లి చూడమని నీ ప్రాణం తోడేస్తాను, విసుక్కోకు. మనం ఎక్కేది ముందు నుంచి, బకిల్ ఉండేదీ మన కళ్ల ముందే. పట్టీ ఎక్కువ భాగం మనకు కనపడని వైపు ఉంటుంది. పైన కట్టినవాటి వెనక చూడలేవు కాబట్టి, కట్టేముందే పట్టీ మొత్తాన్ని ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ల మధ్య లాగి చూడు. కుట్టు దగ్గర ఇంకాస్త ఆగు. పోగులు లేచినా, ఒకచోట బిరుసుగా తగిలినా ఆ పట్టీ ఇక చెత్తబుట్టకే. వేట అవగానే అన్నీ విప్పి ఇంటికి తెచ్చేసుకో.

ఇక పట్టీయా, తాడా? మొదటి సీజనుకి పట్టీయే. క్యామ్ బకిల్, అంటే పళ్లతో పట్టీని నొక్కి పట్టే బకిల్, ఉన్న పాలియెస్టర్ పట్టీ. నైలాన్ వద్దు. నైలాన్ బరువుకి సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, బలం కూడా కొంత తగ్గుతుంది. పొద్దున పొడిగా బిగించినది మధ్యాహ్నం వాన పడ్డాక వదులై, నువ్వు దిగే వేళకి స్టిక్ కాలి కింద అటూ ఇటూ కదులుతుంది. పాలియెస్టర్‌కి ఈ జబ్బు చాలా తక్కువ. పట్టీ మీద అచ్చేసిన అంకెను చూసి మురిసిపోకు. సరుకు కట్టే పట్టీల్లో తెగే బరువులో మూడో వంతునే పనిచేసే బరువుగా లెక్కిస్తారు. ఏ అంకె చూస్తున్నావో చదువు. బకిల్ బలం తక్కువైతే పట్టీ బలం ఎంతున్నా దండగే.

పట్టీతో చిక్కల్లా చప్పుడు. లోహపు బకిల్ స్టిక్‌కి తగిలిందా, ఆ పొద్దు జింక నీకు కనపడదు. బకిల్ తగిలే చోట స్టిక్‌కి గుడ్డ టేపు చుట్టు. మిగిలిన తోక గాలికి కొట్టుకోకుండా దోపెయ్. బకిల్ పళ్లలో మట్టి, బెరడు పొట్టు, మంచు చేరితే పట్టు జారుతుంది, ఊది మరీ చూసుకో. పట్టీ ఎక్కడా మెలిక పడకూడదు. బిగించాక స్టిక్‌ని కిందికి నొక్కి, మాను వైపున్న దాని కొమ్ములు బెరడులో కూర్చున్నాకే బరువు పెట్టు. కూర్చోబెట్టాక వదులైతే మళ్లీ బిగించాలి, సరిపోతుందిలే అనుకోవద్దు.

తాడు మీద నీకు మోజున్న సంగతి తెలుసు. డైనీమా అనే సింథటిక్ పోగుల తాడు చూసి ఉంటావు. బరువుకి బరువు లెక్కేస్తే ఉక్కుని మించిన బలం, చప్పుడు లేదు, నీళ్లు పీల్చదు, జేబులో పడుతుంది. అన్నీ నిజమే. కానీ అది నున్నగా జారే సరుకు. మామూలు ముడి దాని మీద నిలవదు. అందుకే కొసల్ని ముడేయరు, తాడు కడుపులోకే తాడును దూర్చి స్ప్లైస్ చేస్తారు. అది నేర్చుకుని చేయాలి, వీడియో చూసి ఒక రాత్రిలో చేసేది కాదు. వరసగా కన్నాలుండే రకం తీసుకుంటే, ఒక కన్నానికీ ఇంకోదానికీ మధ్య మాను లావు ఇరుక్కుంటుంది, ఒకటి వదులు, ఇంకోటి అందదు. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు, తలకి కట్టిన లైటు వెలుగులో స్టిక్ గుబ్బకి తాడు ఎన్ని చుట్లు వేశావో లెక్క తప్పకుండా చేయగలిగిన రోజున తాడుకి మారు. అదైనా నీ స్టిక్స్ కంపెనీ ఒప్పుకున్న తాడే. వాళ్లిచ్చింది తీసేసి నీ సొంత ప్రయోగం పెడితే పూచీ ఎవరిదీ కాదు.

ఇంకోటి. స్టిక్‌కి కట్టే డైనీమా మిగిలింది కదా అని, పడితే ఆపడానికి ఒంటికి వేసుకునే హార్నెస్‌కీ దాన్నే వాడకు. అది దాదాపు సాగదు, పడితే ఆ కుదుపంతా నీ ఒంటికే. రాపిడి వేడికీ ఓర్చదు, 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. జరిపితే జరిగి, నీ బరువు పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడికి, దాని కింద తాడుకి హార్నెస్‌తో వచ్చినవే వాడు. దొరికిన ప్లాస్టిక్ తాడు, సాగే రబ్బరు కొక్కేల తాడు స్టిక్‌కి కట్టావని తెలిస్తే మీ అమ్మ కంటే ముందు నేనొచ్చి వాయిస్తాను.

లైన్‌మన్ బెల్టు ఎక్కేటప్పుడు కట్టుకుంటావని నాకు నమ్మకమే. నా బెంగంతా దిగేటప్పటిది. చలి, ఆకలి, ఏమీ దొరకలేదన్న చిరాకు, ఇంటికి పోదామన్న తొందర. కాలు నేల తాకేదాకా ఏదో ఒకటి నిన్ను చెట్టుకి పట్టి ఉంచాలి. కొమ్మ అడ్డొస్తే రెండో తాడు దానికి అవతల వేసుకున్నాకే మొదటిది విప్పు.

కొత్త పట్టీలు రాగానే మోకాలి ఎత్తులో ఒక స్టిక్ కట్టి, హార్నెస్ వేసుకుని దాని మీద నిలబడి ఎగురు, వేలాడు, పక్కకి తోసి చూడు. తర్వాత మాను వెనక్కి వెళ్లి ఫోటో తీసి నాకు పంపు. ముందువైపుది అక్కర్లేదు. సీజను మొదలయ్యాక ఏ చెట్టు మీద ఉన్నావో నాకూ, ఇంకొకరికీ చెప్పి వెళ్లు. ఎక్కానని మెసేజ్ పెట్టకపోయినా ఫర్వాలేదు. దిగానని పెట్టు.

మీ మామయ్య