జనవరిలో ఇల్లు బోసిపోకుండా

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "క్రిస్మస్ చెట్టు లైట్లన్నీ తీసేశాం, సంక్రాంతి కొలువు కూడా ఎత్తేశాం, ఇల్లంతా బోసిపోయింది పెద్దమ్మా" అన్నావు. అమెరికా ఉత్తరాన ఉన్న ఈ మినియాపోలిస్‌లో నీకిది మొదటి చలికాలం. నేను ఇక్కడ ఇరవై ఎనిమిది చలికాలాలు చూశాను. నువ్వు చెప్పిన ఆ బోసితనం నాకు బాగా తెలుసు. మన ఊళ్ళో సంక్రాంతి వెళ్తే చలి కూడా సర్దుకుని వెళ్ళిపోతుంది. ఇక్కడ పండగలు వెళ్ళిపోయినా మంచు మార్చి దాకా కదలదు. ఈ రెండు నెలలకీ ఇంటిని మళ్ళీ ఎలా సర్దుకోవాలో ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

అన్నీ ఒక్కరోజే పీకేయడం వల్లే ఇల్లు అలా అనిపిస్తోంది. పండగ సామాను వేరు, చలికాలపు సామాను వేరు. శాంతా బొమ్మలు, గోడకి వేలాడదీసిన మేజోళ్ళు, ఎరుపూ ఆకుపచ్చా రిబ్బన్లు డబ్బాలోకి వెళ్ళాలి. చిన్న తెల్ల లైట్లు, పైన్ కాయలు, ఇత్తడి కుందులు ఏ పండగవీ కావు. వాటిని మళ్ళీ బయటికి తియ్యి. బయట చూరుకి కట్టిన లైట్ల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు. ఈ చలికి వైర్లు బిరుసెక్కి విరుగుతాయి, ఐసు మీద నిచ్చెన అసలే వద్దు. కాస్త ఎండ కాసి మంచు కరిగిన రోజున అబ్బాయిని తియ్యమను.

మీది నిజం చెట్టు కదా, ఎండిపోయిన పైన్ ఇంట్లో ఉండకూడదు, నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది. వీధి చివర పెడితే మున్సిపాలిటీ వాళ్ళు తీసుకెళ్ళే రోజేదో కనుక్కో. దానికి ముందు ఆకు రాలని కొమ్మలు ఓ పది కోసి పెట్టుకో. వాకిట్లో ఉన్న ప్లాస్టిక్ కుండీలో ఆ కొమ్మలు నిలబెట్టి, చుట్టూ మంచు కూరి, చెంబుడు నీళ్ళు పొయ్యి. తెల్లారేసరికి గడ్డకట్టి సిమెంటు పోసినట్టు నిలబడతాయి. చలి తగ్గేదాకా పచ్చగానే ఉంటాయి. మట్టికుండీలో మాత్రం చెయ్యకు, పగిలిపోతుంది.

ఇప్పుడు వెలుతురు సంగతి. నేనైతే దీన్నే అన్నిటికన్నా ముందు చూసుకుంటాను. డిసెంబరు 21 ప్రాంతంలో ఇక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. ఇప్పుడు కూడా ఐదున్నరకల్లా చీకటి పడిపోతోంది. అలాంటప్పుడు పైకప్పు లైటు ఒక్కటి వేసుకుని కూర్చుంటే ఇల్లు ఆస్పత్రి వరండాలా ఉంటుంది. గదికి రెండు మూడు చిన్న ల్యాంపులు పెట్టు, కూర్చున్నప్పుడు మన భుజాల ఎత్తులో ఉండాలి. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉందో లేదో చూడు, అది నూనె దీపం రంగుకి దగ్గరగా ఉంటుంది. 5000 అని ఉంటే కొనకు, తెల్లగా కొట్టొచ్చినట్టుంటుంది. టైమర్ పెట్టి నాలుగింటికే వెలిగేలా చెయ్యి. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు చీకట్లో ఉండకూడదు.

కుందుల్లో దీపం వెలిగిస్తే కర్టెన్లకీ, పైన్ కొమ్మలకీ కనీసం అడుగు దూరంలో పెట్టు. గదిలోంచి లేచి వెళ్ళేటప్పుడు కొండెక్కించు.

పత్రికల్లో చూపించే చలికాలపు ఇళ్ళన్నీ తెలుపూ బూడిదరంగే. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. కిటికీలోంచి చూస్తే అంతా తెలుపే, ఇంట్లో కూడా ఎందుకమ్మా? మనకి పసుపు, ఇటుక ఎరుపు, నేరేడు రంగు ఉండాలి. పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు రెండు, కలంకారీ దుప్పటి ఒకటి చాలు. నేల మీద వరంగల్ జంపఖానా పరుచుకో, చెక్క నేల చల్లదనం పాదాలకి తెలియదు. కింద జారకుండా రబ్బరు వల వెయ్యి. హీటర్ గాలి వచ్చే జాలీల మీద మాత్రం పరవకు, కర్టెన్లూ వాటి మీద పడనివ్వకు.

మీ అమ్మమ్మ కుట్టిన బొంత నీ దగ్గరే ఉందని మీ అమ్మ చెప్పింది. అల్మరాలో ప్లాస్టిక్ సంచిలో దాచావట. తియ్యి దాన్ని. ఆ పొరల్లో ఆవిడ కట్టి కట్టి మెత్తబడిన చీరలున్నాయి. నేను పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. సోఫా వీపు మీద మడిచి వెయ్యి, సాయంత్రం కాళ్ళ మీద కప్పుకో. చిరిగితే మళ్ళీ కుట్టుకుందాం.

కొలువు బొమ్మలన్నీ కట్టేశావు కదా, అందులోంచి ఏటికొప్పాక బొమ్మలు రెండు మూడు తీసి ల్యాంపు కింద పెట్టు. లక్క మెరుపు ఆ వెలుతురులోనే బాగా కనిపిస్తుంది. మిగతావి గ్యారేజీలో పెట్టకు. అక్కడి చలికీ ఇంట్లో వేడికీ మధ్య తిరిగితే చెక్క బిగుసుకుని రంగు పెచ్చులూడుతుంది. కొండపల్లి బొమ్మలది మరీ తేలికైన పొణికి చెక్క. పాత నూలు గుడ్డలో చుట్టి ఇంటి లోపలి అల్మరాలోనే ఉంచు.

ఇల్లు వేడిచేసే ఫర్నేసు రోజంతా తిరుగుతుంటే గాలి ఎండిపోతుంది. చెక్క సామానుకే కాదు, నీ గొంతుకీ మంచిది కాదు. స్టవ్ మీద సన్నని సెగన గిన్నెడు నీళ్ళు పెట్టి అందులో నారింజ తొక్క, దాల్చినచెక్క, వాడేసిన ఏలకుల తొక్కలు వెయ్యి. ఇల్లంతా వాసన పట్టుకుంటుంది. నువ్వు వంటింట్లో ఉన్నంతసేపే పెట్టు. కిటికీ అద్దాలకి నీళ్ళు పట్టి గడ్డకడుతుంటే తేమ ఎక్కువైందని అర్థం, ఆపేసెయ్. సాంబ్రాణి కొంచెమే, పొగ అలారానికి దూరంగా.

తులసి గురించి చెప్పాలి. నా రెండో చలికాలంలో ఎండ తగులుతుందని తులసి కుండీని కిటికీ గట్టు మీద పెట్టాను. రాత్రి మైనస్ ఇరవై ఐదుకి పడిపోయింది. అద్దానికి తగిలిన ఆకులన్నీ పొద్దున్నకి నల్లబడ్డాయి, వారంలో మొక్క పోయింది. దాని విత్తనాలు మా అమ్మ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చినవి. ఇప్పటికీ బాధే. దక్షిణపు కిటికీ దగ్గరే పెట్టు, కానీ అద్దానికి జానెడు ఎడంగా స్టూలు మీద పెట్టి, రాత్రి మొక్కకీ అద్దానికీ మధ్య కర్టెన్ వెయ్యి. కరివేపాకుకీ అంతే. అది ఆకులు రాల్చినా కంగారుపడకు, నీళ్ళు తగ్గించు, వసంతంలో చిగురిస్తుంది.

పువ్వు కావాలంటే ఇప్పుడు షాపుల్లో అమరిల్లిస్ దుంపలు చవగ్గా ఇచ్చేస్తారు. కుండీలో మూడో వంతు పైకి కనిపించేలా నాటితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అరచేతికన్నా పెద్ద పువ్వు పూస్తుంది.

మా ఊళ్ళో సంక్రాంతికి వరి కంకులతో కుచ్చులు అల్లి చూరుకి వేలాడదీసేవాళ్ళం, పిచ్చుకలు వచ్చి తినేవి. చిన్నప్పుడు నువ్వూ చూశావేమో. ఆ కుచ్చు ఇక్కడ దొరక్కపోయినా, వంటింటి కిటికీకి ఎదురుగా ఓ గింజల డబ్బా వేలాడదీసి పొద్దుతిరుగుడు గింజలు పొయ్యి. కార్డినల్ అని ఎర్రపిట్ట వస్తుంది, మంచు మీద వాలితే కుంకం బొట్టు పెట్టినట్టుంటుంది. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే చికాడీలు ఇంకా చిన్నవి, గింజ నోట కరుచుకుని కొమ్మ మీదికి పారిపోతాయి. పొద్దున్న కాఫీ తాగుతూ నేను వాటినే చూస్తాను. నువ్వూ ఎదురుచూడు. మొదటి వారం ఏమీ రాకపోవచ్చు, డబ్బా ఖాళీ కానివ్వకు.

రథసప్తమి ఈ చలి మధ్యలోనే వస్తుంది. మినియాపోలిస్‌లో సూర్యుణ్ణి పిలిచి కూర్చోబెట్టుకోవాల్సిన పండగ అది. తూర్పు కిటికీ దగ్గర పీట వేసి రథం ముగ్గు వెయ్యి. పచ్చి చిక్కుడుకాయలు ఇండియన్ స్టోర్‌లో దొరికితే పుల్లలు గుచ్చి రథం కట్టు, దొరక్కపోతే ముగ్గొక్కటే చాలు. ఇక్కడ పొద్దు ఏడు దాటాకే పొడుస్తుంది కాబట్టి మరీ తెల్లవారుజామునే లేవక్కర్లేదు. పరమాన్నం మాత్రం చెయ్యి.

ఫిబ్రవరి చివర్లో మీ పక్కింటావిడని అడిగి ఫోర్సిథియా అనే పూలపొద కొమ్మలు నాలుగు కోసుకో. ఆకు ఒక్కటీ లేని ఎండు పుల్లల్లా ఉంటాయి. చివర్లు ఏటవాలుగా కోసి గోరువెచ్చని నీళ్ళ జాడీలో పెట్టు, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చు. రెండు వారాల్లో ఆకుకన్నా ముందే పసుపుపచ్చటి పువ్వులు విచ్చుకుంటాయి. ఉగాది మార్చిలో పడిన ఏడు ఆ జాడీనే దేవుడి దగ్గర పెడతాను. కొమ్మలు దొరక్కపోతే చెప్పు, మా పెరట్లోవి కోసి పంపిస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ