వంటల పుస్తకం వేస్తున్నావటగా

చిట్టితల్లీ,

నలుగురి దగ్గరా సేకరించిన వంటల్ని పుస్తకంగా వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత బెంగపడ్డాను.

ఫోటోలు నువ్వే తీసుకో. ఎవరిదైనా వాడాలంటే రాతపూర్వకంగా అడుగు. కింద పేరు వేస్తే అనుమతి ఇచ్చినట్టు కాదు.

దినుసుల జాబితాకు కాపీరైట్ ఉండదని ఎవరో చెప్పే ఉంటారు. నిజమే. మేధో హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన 1994 నాటి ట్రిప్స్ ఒప్పందం 9వ అధికరణం కూడా రక్షణ చెప్పిన తీరుకే గానీ పద్ధతికి కాదంటుంది. ఆ చెప్పిన తీరులోనే అందరూ కాలు జారతారు. "ఉల్లిపాయలు బంగారు రంగుకు తిరిగి, అంచులు కరకరలాడేదాకా వేయించాలి" అని వేరేవాళ్ల పుస్తకంలో ఉన్నదాన్ని "బంగారు వన్నెకొచ్చి, అంచులు కరకరమనేదాకా వేపాలి" అని మార్చి, సొంతంగా రాశామనుకుంటారు. వాక్యం వాళ్లదే తల్లీ, చొక్కా మారిందంతే! మూడు దినుసులు మారిస్తే మనదైపోతుందన్నదీ వట్టి మాట.

పుస్తకం మూసెయ్. మూడుసార్లు వండు. పక్కన కాగితం పెట్టుకుని చూసింది చూసినట్టు రాయి: "ఎనిమిది నిమిషాలకు మెత్తబడ్డాయి, పద్దెనిమిదికి రంగు తిరిగింది, మంట మధ్యస్థం." ఆ కాగితం నుంచే వంట రాయి. అప్పుడే అది నీ రాత.

వండకుండా ఎత్తి రాస్తే తప్పులు కూడా వెంట వస్తాయి. ఆస్ట్రేలియా పుస్తకాల్లో టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు, చాలాచోట్ల 15. నాలుగు చెంచాలు వేసేసరికి 20 మిల్లీలీటర్ల తేడా. ఉప్పయితే ఆ వంట నోట పెట్టలేం. నువ్వు గ్రాముల్లో తూచి రాయి.

ఎవరి వంట నుంచి మొదలుపెట్టావో, ఏం మార్చావో వంట పేరు కిందే చెప్పు, చివరి పేజీలో దాచకు. చట్టం అడగకపోయినా చెప్పు. ఒకే పుస్తకం నుంచి పది వంటలు తీసుకున్నావంటే, పేర్లన్నీ వేసినా అది ఆ రచయిత కష్టాన్ని పిండుకోవడమే.

అన్నిటికన్నా నాకు భయం, నమ్మి నోటితో చెప్పినవాళ్ల గురించి. వాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, కోర్టుకెక్కరు, నొచ్చుకుని ఊరుకుంటారు. "పుస్తకంలో వేయనా? మీ పేరు ఎలా రాయమంటారు?" అని విడివిడిగా అడుగు. అచ్చుకు వెళ్లకముందే ఆ పేజీ చదివి వినిపించు. వద్దంటే, ఎంత ముచ్చటపడి రాసిందైనా సరే, తీసెయ్యి బంగారూ.

మీ పెద్దమ్మ