‘మేడ’ అంటే ‘మెడ’ అని రాస్తున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి రెండో తరగతి చదువుతున్నాడు. డిక్టేషన్‌లో ‘మేడ’ అంటే ‘మెడ’ అనీ, ‘గడ్డి’ అంటే ‘గడి’ అనీ, ‘ధనం’ అంటే ‘దనం’ అనీ రాస్తాడు. తప్పు పోయిన మాటను ఇరవైసార్లు రాయిస్తున్నా మరునాడు మళ్లీ అదే తప్పు. ఇది వినికిడి లోపమా, శ్రద్ధ లేకపోవడమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసిన మూడు తప్పులను ఒకే గాటన కట్టకూడదు. ‘ధనం’ సంగతి ముందు చెబుతాను. ఖ, ఘ, ధ, భ వంటి మహాప్రాణాలు తెలుగులోకి ముఖ్యంగా సంస్కృత పదాలతో వచ్చాయి. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మనలో చాలామందిమి వాటిని ఒత్తి పలకము. ఇంట్లో వినపడని తేడాను పిల్లవాడు రాయాలంటే ఆ మాటను పుస్తకంలో చూసి గుర్తుపెట్టుకోవలసిందే. చదివే అలవాటు పెరిగేకొద్దీ ఇది చాలావరకు సర్దుకుంటుంది. దీనికోసం పసివాణ్ణి నొప్పించవద్దని నా మనవి.

మెడ–మేడ, గడి–గడ్డి జంటలు వేరు. అచ్చు నిడివి మారినా హల్లు ద్విత్వమైనా ఇక్కడ అర్థమే మారిపోతుంది, ఆ తేడాను మనమందరం స్పష్టంగానే పలుకుతాము. మీ అబ్బాయి మాట్లాడేటప్పుడు ఈ మాటలను కలిపేస్తున్నాడేమో గమనించండి. కలపకపోతే అతనికి తేడా వినపడుతున్నట్టే. విన్న తేడాను మాటలోంచి విడదీసి ఏత్వానికో ఒత్తుకో జతచేయడం మాత్రం ఇంకా అలవడలేదు.

బ్రిటన్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ సుమారు 400 మంది పిల్లలను నాలుగైదేళ్ల వయసు నుంచి పరిశీలించి, మాటల్లోని ధ్వనుల పోలికలను పట్టుకోగలిగినవారు తరవాతి ఏళ్లలో చదవడంలో ముందున్నారని 1983లో ప్రకటించారు. ధ్వనుల సాధనతోపాటు ప్లాస్టిక్ అక్షరాలను కూడా చేతికిచ్చి నేర్పిన పిల్లలు అందరికన్నా ఎక్కువ లాభపడ్డారు. మీకు పనికివచ్చేది ఈ రెండో విషయమే. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడటానికి ఒకటి రెండేళ్లు చాలవనీ, మాటను అక్షరాలుగా విడగొట్టగలిగిన చాలాకాలానికి గానీ విడి ధ్వనులు పట్టుబడవనీ చూపింది. మన లిపి తీరూ అదే కనుక రెండో తరగతిలో ఇలాంటి తడబాటు వింత కాదు.

ఇరవైసార్లు రాయించడం మానేయండి. అందులో పని చేసేది చెయ్యి, చెవి కాదు. మెడ బొమ్మ, మేడ బొమ్మ ఎదురుగా పెట్టి, మీ పెదవులు కనపడకుండా పక్కన కూర్చుని ఒక మాట అనండి. ఏది అన్నారో చూపించాలి. సరిగ్గా చూపించిన మాటనే అట్టముక్కల మీద రాసిన అక్షరాలతో పేర్పించి, పైకి చదివించండి. గడి–గడ్డి, నెల–నేల జంటలతోనూ ఇలాగే చేయవచ్చు. రోజుకు పది నిమిషాలు చాలు, విసుగు కనిపిస్తే అక్కడితో ఆపండి.

బొమ్మ చూపించడంలోనే తరచూ తడబడుతున్నా, వెనకనుంచి పిలిస్తే పలకకపోయినా, టీవీ శబ్దం పెంచుకుంటున్నా ఆలస్యం చేయకండి. పదేపదే జలుబు చేసే పిల్లలకు మధ్యచెవిలో నీరు చేరి, నొప్పి లేకుండానే వినికిడి మందగించవచ్చు. అది ఒకరోజు బాగుండి మరొకరోజు తగ్గుతుంది కనుక పెద్దలు పరధ్యానమనుకుంటారు. ఈఎన్‌టీ వైద్యునికి చూపించి, ఆడియాలజిస్టుతో వినికిడి పరీక్ష చేయించండి. సికింద్రాబాదులో వినికిడి, మాట లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫలితం తెలిసేదాకా బాబును ముందు బెంచీలో కూర్చోబెట్టమనీ, డిక్టేషన్ మాటను అతనివైపు తిరిగి చెప్పమనీ టీచరుగారిని కోరండి.