డర్బన్ నుంచి వచ్చిన చుట్టరికం

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా తాతగారి నాన్నకు ఒక తమ్ముడు ఉండేవాడని, ఇంట్లో అలిగి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. ఇప్పుడు డర్బన్ నుంచి ఒక పెద్దమనిషి మమ్మల్ని వెతుక్కుంటూ ఫోను చేశారు. వాళ్ళ ముత్తాత పేరు అప్పలసామి. మా ముత్తాత తమ్ముడి పేరూ అదే. డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుందని ఆయన అంటున్నారు. నిజంగా తేలుతుందా? నాకు 60 దాటాయి. నాన్నగారు లేరు, 88 ఏళ్ళ మేనత్త ఉన్నారు.

జవాబు: పేరు కలిసిందని అప్పుడే సంబరపడకండి. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని వంశం మీ వైపు ఎక్కడుంది? ముందు ఆయన్ను వాళ్ళ ముత్తాత కలోనియల్ నంబరు అడగండి. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్ళారు. అక్కడ ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, ఓడ పట్టీలో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. ఇంటిపేర్ల కోసం వాటిలో వెతకకండి. శ్రీకాకుళం జిల్లా అని కూడా వెతకకండి, అది 1950లో ఏర్పడింది. అప్పట్లో మీ ప్రాంతం గంజాం జిల్లా, శ్రీకాకుళం పేరు చికాకోల్. ఊరి పేరును గుమాస్తా తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసి ఉంటాడు కాబట్టి పైకి చదివి చూడండి. తండ్రి పేరు దగ్గర మీ ముత్తాత తండ్రి పేరు కనిపించిందంటే, పరీక్షకు పెట్టే డబ్బుకు అప్పుడు అర్థం ఉంటుంది.

ఇక పరీక్ష సంగతి. కాలేజీలో జన్యుశాస్త్రం చెప్పినదాన్ని, ఈ లెక్క నాకు చాలా ఇష్టం. పెదనాన్న, చిన్నాన్న పిల్లల మధ్య సగటున 12.5 శాతం డీఎన్ఏ కలుస్తుంది. వాళ్ళ పిల్లల మధ్య సుమారు 3 శాతం. మీరు, డర్బన్ ఆయన ఇంకో తరం కింద ఉన్నారు కాబట్టి మీ మధ్య సుమారు 0.8 శాతమే. అదీ సగటే. ఈ వరస బంధువుల్లో సుమారు పదింట ఒక జంటకు పరీక్షలో ఏమీ కలవదు, అలాగని వాళ్ళు బంధువులు కాకుండా పోరు. మీ మేనత్తగారు ఒక తరం పైన ఉన్నారు, ఆవిడకు మీకన్నా రెట్టింపు కలిసే అవకాశం ఉంది. అందుకే మొదటి పరీక్ష ఆవిడకే చేయించండి. ఆ వయసులో గొట్టం నిండా ఉమ్మి పట్టడం కష్టం, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది తీసుకునే రకం తెప్పించండి. ఎందుకు తీస్తున్నారో, ఊహించని బంధువులు ఎవరైనా బయటపడవచ్చని కూడా ముందే చెప్పి, ఆవిడ సరేనంటేనే చేయించండి. 2023లో ఇలాంటి పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయన్న సంగతీ దాచవద్దు.

మీరు వై క్రోమోజోమ్ పరీక్ష చేయించుకోండి. అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వస్తుంది, మేనత్తగారికి ఉండదు. ఆయన కూడా కొడుకు కొడుకు వరసలోనే అప్పలసామికి మునిమనవడైతే, మీరిద్దరూ దాయాదులా కాదా అన్నది అక్కడ తేలాలి. అయితే మధ్యలో ఎవరైనా దత్తత వచ్చి ఉన్నా, ఇల్లరికం అల్లుడు అత్తవారి ఇంటిపేరు పెట్టుకుని ఉన్నా, చుట్టరికం నిజమై ఉండి కూడా వై కలవకపోవచ్చు. కలిసినా అప్పలసామి మీ ముత్తాతకు తమ్ముడో, బాబాయో, మరో దాయాదో చెప్పదు.

మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది మేనరికాల దగ్గర. మేనమామకు, మేనబావకు ఇచ్చి చేసుకుంటూ వచ్చిన కుటుంబాల్లో అదే పూర్వీకుల డీఎన్ఏ రెండు మూడు దారుల్లో దిగుతుంది. కంపెనీ అంచనాలు మాత్రం ఎక్కువగా ఐరోపా మూలాల వాళ్ళను చూసి కట్టినవి, అందుకే దూరపు బంధువును దగ్గరివాడని చూపిస్తాయి. కాబట్టి మొత్తం అంకెను చూసి ఆగిపోకండి. కలిసిన డీఎన్ఏ ముక్కల పొడవును సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. మొత్తం 90 సెంటీమోర్గాన్లు కలిసి, వాటిలో ఒకే ముక్క 35 ఉంటే అది దగ్గరి బంధుత్వం వైపు చూపుతుంది. అదే 90, ఏ ముక్కా 9 దాటకుండా చితికి ఉంటే, తరతరాలుగా ఒకే కులంలో పెళ్ళిళ్ళు జరిగిన ఆనవాలు కావచ్చు. అనుమానం తీరాలంటే మీ కులంవాళ్ళలోనే, మీకు ఏ చుట్టరికమూ లేని పక్క ఊరి మనిషికి కూడా పరీక్ష చేయించండి. డర్బన్ ఆయనకు అతనితోనూ మీతో కలిసినంతే కలిస్తే, ఆ పరీక్ష మీ ఇంటి గురించి కొత్తగా ఏమీ చెప్పనట్టే. ఈ పని చాలామంది చేయరు. మీరు తప్పకుండా చేయండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి పరీక్ష చేయించుకుంటే ‘దక్షిణ భారతం’ అని శాతం ఇచ్చారు. మా పూర్వీకులు పాలమూరులో ఏ ఊరివాళ్ళో దీన్నిబట్టి తెలుస్తుందా?

జవాబు: తెలియదండీ. ఆ శాతాలు కంపెనీ దగ్గరున్న నమూనాలతో పోల్చి చెప్పేవి. ప్రపంచమంతా వాడుకునే 1000 జీనోమ్స్ అనే డీఎన్ఏ నమూనాల సేకరణలో తెలుగువాళ్ళ పేరిట ఉన్నది బ్రిటన్‌లో నివసించే వందకు పైచిలుకు మంది నమూనా. అందులోంచి మీ ఊరి పేరు ఎలా వస్తుంది? మీకు కావలసింది రెవెన్యూ కాగితం. ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ నకలుకు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, అంతకు ముందరి భూమి సర్వే పట్టీ అయిన సేత్వార్ కూడా అడగండి. మీ కులానికి పిచ్చికుంట్లవాళ్ళో, సాధనాశూరులో, అలా వంశకథలు చెప్పే ఆశ్రితులు ఉంటే, వాళ్ళు ఈసారి వచ్చినప్పుడు మీ ఇంటిపేరు, గోత్రం చెప్పి వాళ్ళు పాడేదంతా ఫోనులో రికార్డు చేసుకోండి.