ఇంట్లో డ్రై ఫైర్ మొదలుపెడుతున్న మేనకోడలికి

బుజ్జీ,

వారంలో రెండు రోజులకి మించి షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం కుదరదని, మిగతా రోజులు ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లోనే ఎయిర్ పిస్టల్‌తో డ్రై ఫైర్, అంటే గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చేస్తావని వదిన ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, అంత గుబులూ పుట్టింది. ఆ ఇంట్లో మీ అన్నయ్య కొడుకు తిరుగుతుంటాడు. కాబట్టి ముందు వాడి సంగతి.

పిస్టల్ పెట్టె తెరిచే ముందు గది గడియ వెయ్యి. పెల్లెట్ల (పిస్టల్ గుండ్ల) డబ్బా హాల్లో బీరువాలో తాళంలో ఉండాలి, నీ గదిలో కాదు. బ్రీచ్ (బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టే చోటు) తెరిచి నారింజ రంగు సేఫ్టీ తాడు దూర్చు. రెండో కొస బ్యారెల్ మూతిలోంచి బయటికొచ్చాకే లోపల ఏమీ లేదని నమ్ము. గురి బయటి గోడ వైపే, తలుపు వైపు ఎప్పుడూ వద్దు. మధ్యలో ఫోన్ మోగి లేచావా, ఈ తనిఖీ అంతా మళ్లీ మొదటినుంచి. విసుగనిపిస్తే ఆ రోజుకి మానెయ్యి, ఏం కొంప మునగదు.

నీ పిస్టల్‌లో గాలి వదలకుండా ట్రిగ్గర్ ఒక్కటే పడే ఏర్పాటు ఉంది కనక సరే. మీ అన్నయ్య స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ జోలికి మాత్రం పోకు. ముందు పెల్లెట్ అడ్డం లేకపోతే పిస్టన్ వెళ్లి సిలిండర్ కొసని గుద్దుతుంది, సీలు పోతుంది.

పది మీటర్ల టార్గెట్‌లో నడిమి నల్లటి గుండ్రం వ్యాసం 59.5 మి.మీ. గోడకి మూడు మీటర్ల దూరంలో నిలబడతావు కాబట్టి 18 మి.మీ. నల్లచుక్క చాలు. రేంజ్‌లో టార్గెట్ నడిమధ్య నేలకి 140 సెం.మీ. ఎత్తున ఉంటుంది. నీ కన్ను 150 దగ్గర ఉంటే, చూపు పది మీటర్లలో పది సెం.మీ. దిగుతుంది, మూడు మీటర్లలో మూడే. అందుకని చుక్కని 147 దగ్గర అంటించు.

ఇక నీ పాత జబ్బు. సైట్లు (గురి చూసే వెనక గాడి, ముందు పలక) చుక్క కింద చక్కగా కుదరగానే "ఇదే సమయం" అని ట్రిగ్గర్ గుంజేస్తావు. చెయ్యి ఊగుతోందని నీ భయం. ఊగనీ, ఎవరి చెయ్యయినా ఊగుతుంది. సైట్లు కుదురుగా ఉండి చెయ్యి మొత్తం 5 మి.మీ. పక్కకి జరిగితే దెబ్బ కూడా 5 మి.మీ. పక్కనే పడుతుంది. పది పాయింట్ల నడిమి రింగు వ్యాసం 11.5 మి.మీ., ఇంకా పదే. గుంజితే మణికట్టు మెలిపడుతుంది. రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయిందనుకో, సైట్ల మధ్య దూరం 320 మి.మీ. ఉన్న పిస్టల్‌తో పది మీటర్ల దగ్గర 31 మి.మీ. తేడా. నేరుగా ఏడులోకి. నువ్వు ఊగుడుకి భయపడి పది దక్కించుకోబోతావు, గుంజుడు ఏడు చేతిలో పెడుతుంది.

అందుకే సగం షాట్లు చుక్కే లేని తెల్లగోడ మీద చెయ్యి. తొందరపెట్టే నలుపు అక్కడ ఉండదు. చెయ్యి దిగుతుండగానే ట్రిగ్గర్ మొదటి స్టేజ్, అంటే తేలిగ్గా కదిలే మొదటి భాగం, తీసేసుకో, చెయ్యి నిలిచాక రెండో దాని మీద ఒత్తిడి ఆపకుండా పెంచుకుంటూ పో. ఐదొందల గ్రాములు దాటాక అదే పడుతుంది. చూపు ఫ్రంట్ సైట్ అంచు మీద, గోడ మసకగా. పడిన క్షణంలో ఆ అంచు ఎటు ఎగిరిందో పైకి చెప్పు. కుడిచేతివాళ్లు గుంజితే ఎక్కువగా కింద ఎడమకి పోతుంది. తర్వాత రెండు సెకన్లు కదలకు.

ఎనిమిది సెకన్లలో పడకపోతే చెయ్యి దించెయ్యి. దించడమంటే నీకు నామోషీ, నాకు తెలుసు. కైలాసగిరి ఎత్తులో సైకిల్ దిగి తోసుకురావే అంటే కళ్లనిండా నీళ్లు పెట్టుకున్న పిల్లవి. దించినవి లెక్కపెట్టి రాసుకో తల్లీ, మొదటి నెలలో నేను చూడాలనుకునే అంకె అదొక్కటే.

రోజుకి ముప్ఫై షాట్లు, ఇరవై నిమిషాలు. భుజం అలిశాక చేసేవన్నీ తప్పుడు అలవాట్లే.

మన ఊరి ఉప్పుగాలికి, మే నెల చెమటకి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. గ్రిప్ పొడిగుడ్డతో తుడువు. బయటి ఇనుప భాగాలకి నూనె తడిపిన గుడ్డ ఆనిస్తే చాలు, చుక్కలు పొయ్యకు. పెట్టెలోని స్పాంజి తేమ పట్టేస్తుంది, అప్పుడప్పుడూ ఎండలో పెట్టు.

మీ నాన్న గొణిగితే నాతో మాట్లాడమను.

మీ అత్త