లావోస్ వెళ్లే ముందు ఖర్చు ఎవరిదో తేల్చుకో

తమ్ముడూ,

స్కూలు మారుతున్నావు, కొత్త స్కూలు వాళ్లు లావోస్ రాజధాని వియంటియాన్‌లోని థాయ్ ఎంబసీకి వెళ్లి, థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికి కావాల్సిన నాన్-బి వీసా తెచ్చుకోమన్నారు, సంతోషం. ఏ కాగితాలు కావాలి, ఎక్కడ దిగాలి, ఫోటో ఏ సైజులో ఉండాలి అని అడిగావు. అన్నీ అడిగావు గానీ ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న మాట మాత్రం అడగలేదు. థాయ్‌లాండ్‌కి కొత్తగా వచ్చే మన టీచర్లందరిలోనూ ఇదే చూస్తున్నాను. ఫోటో గురించి టెన్షన్ పడతారు, డబ్బు సంగతి తిరిగొచ్చాక చూసుకోవచ్చులే అనుకుంటారు. తిరిగొచ్చాక చూసుకోవడానికి ఏమీ మిగలదు.

కాగితాల జాబితా ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అక్కడ చూసుకో. 2025 జనవరి నుంచి థాయ్ వీసా అప్లికేషన్లన్నీ ఆన్‌లైన్‌కి మారాయి. కానీ ఏ దేశంలోని ఎంబసీకి పెట్టుకుంటావో ఆ దేశంలో ఉండే పెట్టుకోవాలి. బ్యాంకాక్‌లో గదిలో కూర్చుని లావోస్‌లోని థాయ్ ఎంబసీకి పంపితే కుదరదు. మా రోజుల్లో పొద్దున పాస్‌పోర్ట్ ఇస్తే మర్నాడు మధ్యాహ్నానికి వీసా చేతికొచ్చేది. ఇప్పుడు ఆ లెక్క నమ్ముకుని గది బుక్ చేసుకోకు. అదనంగా ఉండే ప్రతి రాత్రికీ అద్దె నీ జేబులోంచే పోతుంది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు లెక్క వేసుకోకపోలేదు, వేశాను. ఒక్కసారి ప్రవేశానికి పనికొచ్చే సింగిల్ ఎంట్రీ వీసా ఫీజు అప్పట్లో రెండు వేల బాత్ (థాయ్ కరెన్సీ). రానూపోనూ రైలు, గది అద్దె, తిండి అన్నీ కలిపి ఒక అంకె వేసుకుని, అంతవరకే ఉంచుకుని మిగతా జీతమంతా ఇంటికి పంపేశాను. అమ్మ కట్టే చీటీ వాయిదా ఉంది, చెల్లి బీఈడీ ఫీజు ఉంది. విదేశంలో ఉద్యోగం అన్నాక నెల మొదటి వారంలోనే డబ్బు పంపకపోతే ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనని మనకో బెంగ. ఆ బెంగతోనే చేతిలో ఉన్నదంతా ఊడ్చి పంపేశాను.

రాత్రి రైల్లో వెళ్లి థాయ్ సరిహద్దు ఊరు నాంగ్ ఖాయ్‌లో దిగి, పొద్దున్నే వంతెన దాటాను. మెకాంగ్ నది మీద 1994లో కట్టిన ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జి అది, నడిచి దాటనివ్వరు, బస్సెక్కాలి. అటువైపు లావోస్ వాళ్లు మనకి వీసా ఆన్ అరైవల్ ఇస్తారు. వాళ్లు అడిగేది డాలర్లు. నా దగ్గర ఉన్నవి బాత్‌లు. బాత్‌లు కూడా తీసుకుంటారు గానీ వాళ్లు కట్టే రేటు మనకి నష్టం. నా లెక్కకి మొదటి దెబ్బ అక్కడే తగిలింది. మడతలు పడని డాలర్ నోట్లు బ్యాంకాక్‌లోనే కొనుక్కుని వెళ్లు. పాస్‌పోర్ట్‌లో ఖాళీ పేజీలు కూడా చూసుకో, లావోస్ స్టిక్కర్ ఒక్కటే పూర్తి పేజీ మింగేస్తుంది.

అసలు కష్టం థాయ్ ఎంబసీ కౌంటర్ దగ్గర వచ్చింది. స్కూలు లైసెన్సు నకలు మీద సంతకం పెట్టాల్సిన వాళ్ల సంతకం లేదు. ముద్ర ఉంది, సంతకం లేదు. కట్ట వెనక్కి ఇచ్చేశారు. స్కూలుకి ఫోన్ చేస్తే సంతకం పెట్టాల్సినాయన ఊళ్లో లేడన్నారు. మధ్యలో శని, ఆదివారాలు. సరైన కాగితం చేరేసరికి నేను వేసుకున్న లెక్క మొత్తం అయిపోయింది. చవక గదికి మారాను. పొద్దున లావోస్ వాళ్ల పొడుగు బ్రెడ్డు, రాత్రి జిగురన్నం, దాంట్లోకి నా బ్యాగులోని కారప్పొడి. ఇంటికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. మా స్కూల్లోనే పనిచేసే ఫిలిప్పీన్స్ టీచర్ డబ్బు పంపింది. రెండు జీతాల్లో కొంచెం కొంచెంగా తీర్చేశాను. నేను లేని రోజులకి స్కూలు జీతం కోసింది. వాళ్ల కాగితంలో తప్పుకి నా జీతం కోశారు తమ్ముడూ! ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు మండుతుంది.

ఆ తర్వాత ఎక్కడా ఆ పరిస్థితి రానివ్వలేదు. మరుసటి కాంట్రాక్టులో వీసా ఫీజు, ప్రయాణం, బస స్కూలే భరించాలని, ఆ రోజులు జీతంతో కూడిన సెలవుగా లెక్కించాలని రాయించుకున్నాను. మొదట కాదన్నారు. ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి టర్మ్ మధ్యలో దొరకదని వాళ్లకీ తెలుసు, అందుకే చివరికి ఒప్పుకున్నారు. నా తర్వాత ఆ స్కూల్లో చేరిన మన టీచర్లకి అడగకుండానే ఆ షరతు వచ్చింది. నేను ఒక్కదాన్నే వచ్చి, ఎవరి అండా లేకుండా సాధించుకున్నాను. నువ్వు నాకన్నా బాగా చదువుకున్నావు, ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ రాయడానికి మొహమాటం దేనికి?

అసలు వెళ్లాల్సిన అవసరం ఉందా అని కూడా అడుగు. టూరిస్టుగానో వీసా లేకుండానో వచ్చినవాళ్లు గడువులో కనీసం పదిహేను రోజులు మిగిలి ఉంటే థాయ్‌లాండ్‌లోనే నాన్-బికి మార్చుకునే దారి ఉంది. దానికి స్కూలు ఎక్కువ కాగితాలు సిద్ధం చేయాలి, అందుకే కొన్ని స్కూళ్లు టీచర్‌నే సరిహద్దు దాటిస్తాయి. శ్రమ వాళ్లకి తగ్గుతుంది, ఖర్చు మనకి పెరుగుతుంది.

నీ విషయంలో తేదీలే ముఖ్యం. పాత స్కూల్లో చివరి రోజుతోనే థాయ్‌లాండ్‌లో ఉండటానికి నీకిచ్చిన ఏడాది గడువు (ఎక్స్‌టెన్షన్) ముగిసిపోతుంది. కొత్త స్కూలు కాగితాలు చేతికి రాకముందే రాజీనామా తేదీ ఇచ్చేశావనుకో, ఇమిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కట్టి ఏడు రోజులు అడగాలి, లేదా ఉత్తచేతులతో దేశం దాటి అక్కడ ఎదురుచూడాలి. ఊరికే ఉండిపోతే గడువు దాటి ఉన్నట్టు (ఓవర్‌స్టే), రోజుకి 500 బాత్ జరిమానా. కొత్త స్కూలు పంపిన కాగితాలు, ప్రతి నకలు మీదా సంతకం, ముద్ర, నీ కళ్లతో చూశాకే పాత స్కూలుకి తేదీ చెప్పు. వాళ్లు స్కాన్ పంపి అంతా సరిగ్గా ఉందంటే నమ్మకు.

స్కూలు మారకుండా సెలవులకి ఇండియా వెళ్లే స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకి ఒక మాట చెప్పు. బయలుదేరే ముందు 1,000 బాత్ కట్టి, తిరిగి రావడానికి అనుమతి ఇచ్చే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఎక్స్‌టెన్షన్ పోతుంది, మళ్లీ మొదటి నుంచి ఈ వీసా తంతు అంతా. హైదరాబాద్ టికెట్ మీద రెండొందలు ఆదా అయిందని మురిసిపోతూ ఈ వెయ్యి మర్చిపోయిన వాళ్లని చూశాను.

ఏప్రిల్ మధ్యలో మాత్రం వెళ్లకు. 13 నుంచి థాయ్‌లాండ్‌లో సోంగ్‌క్రాన్, ఆ రోజుల్లోనే లావోస్‌లోనూ కొత్త సంవత్సరం. రెండు వైపులా ఆఫీసులు మూసేస్తారు, రైళ్లు నిండిపోతాయి, గదుల ధరలు పెరుగుతాయి. పైగా నీది పది నెలల కాంట్రాక్టయితే ఏప్రిల్‌లో జీతమే ఉండదు. జీతం లేని నెలలో వీసా ప్రయాణం పెట్టుకోవడం కన్నా అప్పు పత్రం రాసుకోవడం నయం.

తిరిగి వచ్చేటప్పుడు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి, రావడానికి ముందు మూడు రోజుల్లోపు. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. లావోస్ డబ్బు కిప్‌లు వంతెన దాటకముందే ఖర్చుపెట్టు లేదా మార్చుకో, ఇటు వచ్చాక వాటిని పట్టించుకునేవాళ్లు దొరకరు. ఒక్క బాత్‌కి వందల కిప్‌లు వస్తాయి, నోట్ల మీద సున్నాలు ఎక్కువ, టుక్‌టుక్ వాడికి యాభై వేల నోటు ఇస్తున్నావో ఐదు వేలదో చూసి ఇవ్వు.

గుడిసెలాంటి గదిలో ఉండమని చెప్పను. వియంటియాన్‌లో పటుసాయ్ విజయ తోరణం చూడు, నది ఒడ్డున సాయంత్రం బజారు చూడు. కానీ నువ్వు అనుకున్న ఖర్చుకి రెండింతలు ఖాతాలో ఉంచుకుని వెళ్లు. ఆ నెల ఇంటికి తక్కువే పంపు. ఎందుకో అమ్మకి ముందే ఫోన్ చేసి చెప్పెయ్, నాలా దాచుకోకు.

ఈ వారమే కొత్త స్కూలుకి ఈమెయిల్ పెట్టు. వీసా ఫీజు, లావోస్ వీసా ఫీజు, రైలు, గది, కాగితాల్లో తప్పు ఉంటే అదనపు రోజుల ఖర్చు, ఆ రోజుల జీతం, ఒక్కొక్కటీ విడిగా రాసి ఎవరు భరిస్తారో అడుగు. జవాబు ఈమెయిల్‌లోనే రావాలి, ఫోన్‌లో చెప్తే కుదరదు. అది వచ్చాకే రైలు టికెట్ కొను.