సరుగుడు నాటబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుధకు మావయ్య ఆశీస్సులు.

భోగాపురం దగ్గర మీ అమ్మకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల ఇసుక నేలలో ఈ వర్షాలకు సరుగుడు వేయబోతున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పింది. బీడు పడిన ఆ నేలను తలచుకున్న బిడ్డవు మన ఇంట్లో నువ్వొక్కదానివేనని రాత్రి పొంగిపోయాను. అయితే మొక్కలు కళ్లతో చూడకుండా, ఫోనులో ఫొటో చూసి నారుకు అడ్వాన్సు పంపేశావని కూడా అక్క చెప్పింది. ఆ మాటతో నిద్ర పట్టలేదు.

దుక్కి, కంచె, మొదటి వేసవిలో తడులు నీకు తెలిసినవే. మీటరున్నర ఎడంలో నాటితే ఎకరానికి సుమారు 1,800 మొక్కలు పడతాయి. మొదటి ఏడాది సాళ్ల మధ్య వేరుశనగ వేసుకో, మేకలను మాత్రం రానివ్వకు.

నారు దగ్గరే నేను దెబ్బతిన్నాను. 2011లో వర్షాలు మొదలయ్యాక ఆలస్యంగా బయలుదేరి, ముందు ఏడాది అమ్ముడుపోక మిగిలిన నడుమెత్తు మొక్కలను సగం ధరకు తెచ్చాను. పెద్ద మొక్క అయితే ఏడాది కలిసివస్తుందని మురిసిపోయాను. కూలీలు మొక్కలు పెరిగిన ప్లాస్టిక్ సంచుల అడుగు మాత్రం చింపి గోతుల్లో దించుతుంటే, నేను గొడుగు కింద నిలబడి మొక్కలు లెక్కపెట్టుకున్నానే గాని ఒక్క వేరునైనా చూడలేదు. తోట ఏపుగా పెరిగింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు వెళ్లి చూస్తే పక్క చేలో చెట్లు తలలు విరిగి, ఒరిగి ఉన్నాయి గాని చాలావరకు నేలను పట్టుకునే ఉన్నాయి. నావి మాత్రం వేళ్లతో సహా ఊడి, ఒకే దిక్కుకు వరసగా పడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని ఇసుక దులిపాను. మూడేళ్ల చెట్టుకు వేళ్లు ఇంకా ఆ సంచి ఆకారంలోనే, బొంగరానికి చుట్టిన తాడులా మెలికలు తిరిగి ఉన్నాయి. మీ అత్తయ్య గట్టు మీద కూర్చుని, ఆ వేళ్ల ముద్దను ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు చిక్కు విప్పడానికి చూసింది. ఊరంతా పడిపోయిన కర్రే కావడంతో వ్యాపారి చెప్పిందే ధర అయింది.

కాబట్టి మోకాలెత్తు దాటని నారే తీసుకో. అమ్మేవాడి ఎదుటే ఒక సంచి చింపి చూడు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు పోయినా సరే, వచ్చేయి. వేళ్లకు చిన్న బుడిపెలు కనబడితే మంచిది, వాటిలోని సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. నాటేటప్పుడు సంచిని నిలువునా చీల్చి పూర్తిగా తీయించు, అడుగున చుట్టుకున్న వేళ్లను బ్లేడుతో కోయించు. సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టు. ఎన్ని మొక్కలో అన్ని సంచులూ గట్టు మీద కనబడాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, జామాయిల్ అయితే నరికాక మోడు చిగురించి మళ్లీ తోటవుతుంది, సరుగుడు మోడును అలా నమ్ముకోలేము.

నారు చూడటానికి ఎప్పుడు వెళ్తావో ముందురోజు చెప్పు తల్లీ, భోగాపురంలో బస్సు దిగేచోట ఉంటాను. నా మోకాళ్ల నొప్పి సంగతి అక్క దగ్గర ఎత్తకు. బ్లేడు నేనే తెస్తాను.

మీ మావయ్య